సీడీపాప్‌లో అమ్మను చూసుకుంటున్నారా? జీతం ఆగకుండా ఇవి చూసుకోండి

న్యూయార్క్ రాష్ట్రంలో అమ్మనో నాన్ననో అత్తగారినో ఇంట్లోనే చూసుకుంటూ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నుంచి గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఎవరిని పెట్టుకోవాలి, ఏ టైముకి రమ్మనాలి, నచ్చకపోతే తీసేయాలా అన్నది సీడీపాప్ అనే ఈ పథకంలో పెద్దవాళ్లదే నిర్ణయం. జీతం లెక్క, పన్నులు, కాగితాలు మాత్రం మధ్యలో ఇంకొకరు చూస్తారు, మారింది వాళ్లే. ఇదివరకు ఈ పనికి వందల కంపెనీలు ఉండేవి, నచ్చినదాన్ని ఎంచుకునేవాళ్లం. 2024 బడ్జెట్‌తో చట్టం మార్చి, 2025 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం మొత్తానికి పబ్లిక్ పార్ట్‌నర్‌షిప్స్ అనే ఒక్క సంస్థను పెట్టారు, అందరూ పీపీఎల్ అంటున్నది దాన్నే. లక్షల మంది ఒకేసారి మారాల్సి రావడంతో పెద్ద గందరగోళమే అయింది, చివరికి బ్రూక్లిన్‌లోని ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకున్నాక గడువు పెంచారు.

కొత్తగా చేరేవాళ్లు ముందు ఇంట్లో కూర్చుని ఎవరు ఏ పాత్ర అన్నది తేల్చుకోండి, ఎందుకంటే చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన కొడుకు అమ్మ తరఫున సంతకాలు పెట్టే డెజిగ్నేటెడ్ రిప్రజెంటేటివ్ అవుతాడు, తర్వాత కేర్‌గివర్‌గా కూడా తన పేరే ఇస్తాడు. అది కుదరదు. సంతకం పెట్టేవాళ్లు జీతం తీసుకోకూడదు. భార్యాభర్తలు ఒకరికొకరు కేర్‌గివర్‌గా ఉండకూడదు, 21 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులు ఉండకూడదు. కొడుకు, కూతురు, కోడలు, అల్లుడు అయితే ఇబ్బంది లేదు. మా ఇంట్లో సంతకాలు నావి, పని మా ఆవిడది.

అయితే ఆ కోడలికి పని చేసే అనుమతి ఉండాలి. పని అనుమతిని రుజువు చేసే ఐ-9 ఫారం నింపాలి కాబట్టి ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు దారి లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన చుట్టాలకు అసలే లేదు. దాంతోపాటు డాక్టర్ దగ్గర హెల్త్ అసెస్‌మెంట్, టీబీ పరీక్ష, మీజిల్స్, రుబెల్లా రుజువులు కావాలి. చిన్నప్పుడు గుంటూరులో వేయించుకున్న టీకాల కాగితం ఎవరి దగ్గరుంటుంది చెప్పండి, ఒంట్లో ఆ జబ్బులకు రక్షణ ఉందో లేదో చూసే టైటర్ రక్తపరీక్ష చేయించుకోవడమే సులువు.

ఇక మన పేర్ల సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో చోట, బ్యాంకులో పెళ్లయ్యాక మారిన పేరు. మా ఆవిడ రిజిస్ట్రేషన్ రెండు వారాలు ఆగింది ఇందుకే, తప్పు మాదే, ఫారంలో వాడుక పేరు రాశాం. సోషల్ సెక్యూరిటీ కార్డులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ప్రతిచోటా రాయండి. డైరెక్ట్ డిపాజిట్ ఖాతా కూడా కేర్‌గివర్ పేరు మీదే ఉంటే మంచిది.

రోజువారీ పని ఫోన్‌లో టైమ్4కేర్ యాప్‌తో నడుస్తుంది, వచ్చినప్పుడు క్లాక్ ఇన్, వెళ్లేటప్పుడు క్లాక్ అవుట్. ఎవరు, ఎవరికి, ఏ సేవ, ఏ తేదీ, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న ఆరు వివరాలు ఎలక్ట్రానిక్‌గా నమోదు కావాలని 2016 నాటి ఫెడరల్ చట్టమే చెబుతుంది, కాబట్టి వారం చివర కూర్చుని గుర్తున్నంతవరకు రాసేస్తాం అంటే నడవదు. కేర్‌గివర్ కొట్టిన గంటల్ని అమ్మ గానీ ఆవిడ తరఫు ప్రతినిధి గానీ అప్రూవ్ చేయాలి. నేను ఆదివారం కాఫీ తాగుతూ ఆ వారం గంటల్ని, అమ్మ మెడికెయిడ్ ప్లాన్ మంజూరు చేసిన గంటలతో పోల్చి చూస్తా. మంజూరు దాటితే ఆ గంటల దగ్గర తలనొప్పి మొదలవుతుంది.

రేటు సంగతికొస్తే, 2026 జనవరి 1 నుంచి న్యూయార్క్ సిటీ, లాంగ్ ఐలాండ్, వెస్ట్‌చెస్టర్‌లో హోమ్ కేర్ పనికి గంటకు కనీసం 19.65 డాలర్లు, మిగతా రాష్ట్రంలో 18.65. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. అమ్మనీ నాన్ననీ ఒకే మనిషి చూసుకుంటూ, ఇదివరకు ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీలో ఉండుంటే, ఇప్పుడు రెండు లెక్కలూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి 40 దాటుతున్నారేమో పే స్టబ్‌లో కలిపి చూసుకోండి.

ఒకే ఇంట్లో ఉంటూ చూసుకునేవాళ్లకు ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) నోటీస్ 2014-7 కింద ఈ జీతం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేకుండా పోయే అవకాశం ఉంది. దానికి ఇద్దరిదీ ఒకే ఇల్లు అని ఫారం ఇవ్వాలి, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, ట్యాక్స్ చేసేవాళ్లతో ఒకసారి మాట్లాడండి. 2025 మధ్యలో కంపెనీ మారినవాళ్లకు ఆ ఏడాదికి జీతం, పన్ను చూపించే డబ్ల్యూ-2 ఫారాలు రెండు ఉండాలి, పాతదాన్ని మర్చిపోకండి.

జీతం పడకపోతే టెన్షన్ పడి ఊరికే ఫోన్లు చేసే ముందు పోర్టల్‌లో మూడు చూడండి: కేర్‌గివర్ రిజిస్ట్రేషన్ పూర్తయిందా, టైమ్ అప్రూవ్ అయిందా, మంజూరు గంటల తేదీ ఇంకా ఉందా. మూడూ సరిగ్గా ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని పీపీఎల్‌ని, తర్వాత ప్లాన్ కేర్ మేనేజర్‌ని అడగండి. ఐకాన్ అనే ఉచిత సహాయ సంస్థ ప్లాన్‌తో మాట్లాడటానికి తోడ్పడుతుంది. రాని జీతం కోసం రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదు చేయడానికి 6 ఏళ్ల గడువుంది.

చివరిగా మనవాళ్లకే ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. పెళ్లికో, పుష్కరాలకో అమ్మ ఇండియా వెళ్తే ఆ రోజుల గంటలు కొట్టకూడదు, ఆవిడతోపాటు వెళ్లి అక్కడ చాకిరీ చేసినా సరే. ఆసుపత్రిలో అడ్మిట్ అయిన రోజులూ అంతే. ఎయిర్‌పోర్టు రికార్డూ ఆసుపత్రి బిల్లూ ఎక్కడికీ పోవు, దొరికితే దాన్ని మెడికెయిడ్ మోసం అంటారు. టికెట్ బుక్ చేసిన రోజే కేర్ మేనేజర్‌కి తేదీలు చెప్పేయండి, ఎన్ని రోజులు బయట ఉంటే కేస్ మూసేస్తారో కూడా అప్పుడే అడగండి.