సోఫా రాలేదు, డబ్బు మాత్రం వచ్చింది

కూకట్‌పల్లిలో ఒక ఫర్నిచర్ షాపులో సోఫా ఆర్డరిచ్చి, క్రెడిట్ కార్డు మీద 18,000 రూపాయలు అడ్వాన్సు కట్టాను. పది రోజుల్లో డెలివరీ అన్నారు. నెల దాటింది. ఫోన్ చేస్తే "రేపు బండి ఎక్కిస్తాం సార్" అనేవాళ్లు, తర్వాత ఫోనే ఎత్తలేదు. వెళ్లి చూస్తే షట్టర్‌కి తాళం, కింద సందులో దుమ్ముపట్టిన కరెంటు బిల్లు.

మా బావ "కార్డే కదా, బ్యాంకులో డిస్ప్యూట్ వెయ్యి" అన్నాడు. యాప్‌లో ఆ పేమెంటు తెరిచి, "సరుకు అందలేదు" అన్న కారణం ఎంచుకున్నాను. రసీదు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు జతచేశాను. రసీదు మీద డెలివరీ తేదీ పట్టుబట్టి రాయించుకోవడమే నన్ను కాపాడింది (ఆ రోజు మా ఆవిడ గొడవ పెట్టుకుంది లెండి). ఇలా డిస్ప్యూట్ వేసి డబ్బు వెనక్కి తెప్పించుకోవడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. మన బ్యాంకు షాపువాళ్ల బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి అడుగుతుంది. గడువు ఉంటుంది, నాన్చొద్దు.

మధ్యలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాను. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) రాయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయితే, కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజే లేదు. నాకు అంతదాకా పోనక్కర్లేకపోయింది.

ఏడో వారంలో డబ్బు కార్డులో పడింది. హాల్లో ఇప్పటికీ ప్లాస్టిక్ కుర్చీలే.