సివిల్ ఉద్యోగానికి సిద్ధమవుదాం – 3వ పాఠం: డిశ్చార్జ్ బుక్కులోంచి బయోడేటా

కిందటి పాఠంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు గురించి చెప్పుకున్నాం. కార్డు ఇంకా చేతికి రానివాళ్లు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఈ పాఠంలోని పనికి డిశ్చార్జ్ బుక్కు (ఫౌజు నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే, మన సర్వీసు వివరాలుండే పుస్తకం) ఒక్కటి ఉంటే చాలు. ఇవాళ బయోడేటా రాద్దాం.

ఆర్మీలో స్టోర్ కీపర్ ట్రేడులో 17 ఏళ్లు చేసి, నాయక్ హోదాలో పెన్షన్ మీద ఇంటికొచ్చిన 36 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. మేడ్చల్ వైపో శంషాబాద్ వైపో ఒక పెద్ద గోదాములో సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. నెట్ సెంటర్‌లో టైపు చేయించి పంపాడు:

"ఎక్స్ నాయక్, ఎస్‌కేటీ ట్రేడ్. 17 ఏళ్ల సర్వీసు. క్యారెక్టర్: ఎగ్జెంప్లరీ. క్రమశిక్షణ, నిజాయితీ గలవాడిని. ఏ పని ఇచ్చినా చేయగలను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, పనికొచ్చే ముక్కా ఒక్కటీ లేదు. నాయక్ అంటే ఇంటిపేరేమో అనుకునే హెచ్‌ఆర్ వాళ్లు తెలంగాణలో తక్కువేం కాదు. ఎస్‌కేటీ, అంటే స్టోర్ కీపర్ టెక్నికల్, సంగతి సరేసరి. ఫౌజీకి క్రమశిక్షణ ఉంటుందని మనం రాయకపోయినా అందరూ ముందే ఒప్పుకుంటారు. అన్నిటికంటే చేటు చేసేది చివరి వాక్యం. "ఏ పని ఇచ్చినా" అన్నవాణ్ని తీసుకెళ్లి గేటు దగ్గర నిలబెడతారు. సెక్యూరిటీ పని చిన్నతనమని కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టంలోనే గార్డుల ఎంపికలో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని ఉంది. ఇష్టపడి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు. కానీ ఏళ్ల తరబడి స్టోర్స్ నడిపినవాడు, బయోడేటా సరిగా రాయనందుకు పన్నెండు గంటల గేటు డ్యూటీలో పడటం నాకు మింగుడుపడదు.

మన పద్ధతి ఇది. ప్రతి పోస్టింగ్‌కీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా చేతికింద ఏం ఉండేది? ఎంత ఉండేది? నా కింద ఎంతమంది పనిచేసేవారు? నా పని సరిగా ఉందో లేదో ఎవరు వచ్చి చూసేవారు?

మన నాయక్‌ని అడిగితే మొదట "ఏముంది సార్, స్టోర్స్ డ్యూటీ" అంటాడు. గుచ్చి అడిగితే అప్పుడు వస్తుంది అసలు సంగతి. ఉండేవి బండ్ల విడిభాగాలు. ప్రతి వస్తువుకీ లెడ్జర్‌లో ఒక పేజీ, అర దగ్గర ఎంత సరుకు ఉందో చూపే బిన్ కార్డు. ఇష్యూ వోచర్ లేకుండా నట్టు కూడా బయటికి వెళ్లదు. ఏటా స్టాక్ లెక్కపెట్టడానికి బోర్డు కూర్చుంటుంది. లోకల్ ఆడిట్ ఆఫీసర్ మనుషులు వచ్చి లెడ్జర్లు తిరగేస్తారు. పాడైన సరుకును కండెమ్నేషన్‌కి, అంటే పనికిరాదని లెక్కలోంచి తీసేయడానికి, పెట్టాలంటే కాగితాలు సిద్ధం చేసేది తనే. కింద ముగ్గురు మనుషులు. ఆ గోదాము మేనేజర్ వెతుకుతున్నది సరిగ్గా ఇతన్నే! ఇప్పుడు రాద్దాం:

"స్టోర్స్ ఇన్‌చార్జి, 5 సంవత్సరాలు. సుమారు 2,000 రకాల వాహన విడిభాగాల రాక, నిల్వ, జారీ, లెక్కలు. ముగ్గురు సిబ్బంది పర్యవేక్షణ. ఏటా స్టాక్ తనిఖీకి, ప్రభుత్వ ఆడిట్‌కు రికార్డులు సిద్ధం చేయడం. ఐదేళ్లలో లోటు నమోదు కాలేదు. పాడైన సరుకు తొలగింపు పత్రాల తయారీ."

లోటు మాట నిజమైతేనే రాయండి. "మరి తేడా వస్తే ఏం చేసేవారు?" అని ఇంటర్వ్యూలో అడుగుతారు, జవాబు మీ దగ్గర ఉండాలి. ఇంకోటి, కంపెనీకి పంపే కాగితం ఇంగ్లిషులోనే ఉంటుంది, అయినా ముందు తెలుగులోనే రాసుకోండి. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే మళ్లీ ఆ "ఎక్స్ నాయక్, ఎస్‌కేటీ" దగ్గరికే చేరతాం.

"ఎంత" అన్న ప్రశ్నకు ఒక హద్దు ఉంది. ఆయుధాల సంఖ్య, మందుగుండు నిల్వ, యూనిట్ ఎక్కడ మోహరించిందీ, ఆపరేషన్ల వివరాలు రాయకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పెన్షన్ వచ్చాక కూడా మనకు వర్తిస్తుంది. కోత్ (ఆయుధాలు భద్రపరిచే గది) చూసుకున్నవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఎన్ని రైఫిళ్లో ఎవరికీ అక్కర్లేదు. పొద్దున సంతకం మీద ఇచ్చి, సాయంత్రం ఒక్కొక్కదాని నంబరు చూసి వెనక్కి తీసుకుని, లెక్క కలిసేదాకా తాళం వేయకపోవడం, ఆ పద్ధతి రాయండి చాలు.

మిగతా ట్రేడులు గబగబా చూద్దాం. డ్రైవర్లు ఆర్మీ లైసెన్సు మీదే ధీమాగా ఉండొద్దు. ఆర్‌టీఓ ఇచ్చిన హెవీ లైసెన్సు ఉంటే అది పైవరసలో ఉండాలి, కొండదారుల్లో కాన్వాయ్ నడిపిన అనుభవం దాని కింద. కుక్ అయితే రోజుకు ఎంతమందికి, ఎన్ని పూటలు వండారో రాయాలి. నర్సింగ్ అసిస్టెంట్లు పని ఎంత బాగా వచ్చినా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా స్టాఫ్ నర్స్ అని రాసుకోకూడదు.

ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) జీడీ, అంటే జనరల్ డ్యూటీ, వాళ్లదే అసలు కష్టం. "తుపాకి పట్టడం తప్ప మాకేం వచ్చు" అని వాళ్లే అనేస్తారు. సెక్షన్ అంటే పదిమంది. ఆ పదిమంది సెలవులు, డ్యూటీలు, సామాను, జ్వరాలు, గొడవలు అన్నీ సెక్షన్ కమాండర్ నెత్తి మీదే. ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ చేసేదీ అదే. ట్రైనింగ్ సెంటర్‌లో ఉస్తాద్‌గా (శిక్షకుడిగా) చేసుంటే, ఏ పాఠం, ఒక్కో బ్యాచ్‌లో ఎంతమందికి చెప్పారో రాయండి. ఫైర్, సేఫ్టీ వైపు వెళ్లాలనుంటే అనుభవంతో పాటు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. రక్షణ శాఖ పునరావాస విభాగం డీజీఆర్ నడిపే కోర్సులకు సర్వీసులో ఉండగానే పేరు ఇచ్చుకోవడం మేలు.

చదువు దగ్గర ఒక మెలిక ఉంది. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు చేసినవాళ్లను, డిగ్రీ అర్హతగా ఉన్న కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ పోస్టులకు అర్హులుగా చూస్తారు, సాంకేతిక పోస్టులకు తప్ప. ప్రైవేటు కంపెనీకి ఆ నియమంతో పని లేదు. కాబట్టి చదువు వరసలో "డిగ్రీ" అని రాయకండి. పదో తరగతి అని రాసి, సమాన అర్హత ధ్రువపత్రం ఉందని పక్కన చేర్చండి. వెరిఫికేషన్‌లో దొరికిపోయే టెన్షన్ ఉండదు.

అగ్నివీర్‌ల, అంటే నాలుగేళ్ల కాలానికే ఫౌజులో చేరినవాళ్ల, లెక్క వేరు. 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌లకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. గరిష్ఠంగా నాలుగో వంతు మందిని రెగ్యులర్‌లోకి తీసుకుంటామన్నారు. మిగతావాళ్లు ఇరవైల్లోనే బయటికొస్తారు. పెన్షన్ ఉండదు, సేవా నిధి అనే ఏకమొత్తం కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. తమ్ముళ్లూ, మీ బయోడేటా ఒక్క పేజీ దాటకూడదు. నాలుగేళ్లను పదిహేడేళ్లలా సాగదీయకండి. నైపుణ్య ధ్రువపత్రంలో ఏముందో అది పైన, చేసిన పని కింద.

ఇక ఇంటిపని. డిశ్చార్జ్ బుక్కు ముందు పెట్టుకుని, చివరి మూడు పోస్టింగులకు పై నాలుగు ప్రశ్నల జవాబులు తెల్లకాగితం మీద రాయండి. ఫౌజు వాసన తెలియని ఎవరికైనా, మేనకోడలికో ఎదురింటి కిరాణా కొట్టు ఆయనకో, ఇచ్చి అర్థంకాని మాట కనబడ్డ చోటల్లా సున్నా చుట్టమనండి. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊరైతే ఇది కుదరదు. అక్కడ ఇంటింటికీ ఒక ఫౌజీ, ఎస్‌కేటీ అన్నా కోత్ అన్నా ఇట్టే అర్థమైపోతుంది. పక్కూరికి వెళ్లాల్సిందే. సున్నా చుట్టిన ప్రతి మాటనీ తీసేసి, ఆ పని ఏమిటో విడమరిచి రాయండి.

ఆ కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో ఇంటర్వ్యూ. "పెన్షన్ వస్తోందిగా, ఇంకా అంత జీతం ఎందుకు?" అన్న ప్రశ్నతోనే మొదలుపెడదాం.