కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్జా ఫొటోలకు వెళ్తుంటే

మెక్సికోలో కాన్‌కూన్ బీచ్ రిసార్టులో దిగి చిచెన్ ఇట్జా చూడాలనుకునేవాళ్లు ముందు టైమ్ తేడా గుర్తుపెట్టుకోండి. మాయన్ల ఆ పాత నగరం పక్క రాష్ట్రం యుకటాన్‌లో ఉంది, అక్కడ గడియారం ఒక గంట వెనక. దూరం దాదాపు 200 కిలోమీటర్లు. ఉదయం ఆరున్నరకు బయల్దేరితే అక్కడ ఎనిమిదికి గేటు తీసే వేళకు చేరిపోవచ్చు. టూర్ బస్సులు దిగాక మాత్రం మనుషులు పడకుండా పిరమిడ్ ఫొటో తీయడం కష్టమే. పైకి ఎక్కనివ్వరు, డ్రోన్ కుదరదు, ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి.

ఉత్తరం వైపు మెట్ల ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టండి. ప్రతిధ్వని పిట్ట కూతలా వినిపిస్తుంది. అది ఫొటోలో రాదు కాబట్టి వీడియో తీయాల్సిందే!

రిసార్టులో ఇంకో చిరాకు ఉంది. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బీచ్‌కి తెస్తే తేమకు లెన్స్ మసకబారుతుంది. మూసిన బ్యాగులోనే బయటికి తెచ్చి, అరగంట ఆగి తీయండి. ఈలోగా టిఫిన్ కానిచ్చేయొచ్చు.