క్యాంపింగ్ స్టవ్ మంట చచ్చిపోతోందా? కట్టెలు ఏరుకునే ముందు గ్యాస్ క్యాన్‌ను ఒకసారి తాకి చూడండి

బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో కొండలకు వెళ్లి వంట చేసుకునే మనవాళ్లలో "చలికి గ్యాస్ స్టవ్ పనికిరాదు, కట్టెల పొయ్యే నయం" అనే మాట బాగా పాతుకుపోయింది. స్నేహితులు, బంధువులు అలా అటకెక్కించిన స్టవ్‌లను నేను చాలానే దించి చూశాను. వాటిలో ఎక్కువ భాగానికి ఏ లోపమూ లేదు. స్టవ్ వెలిగించడం, ఆర్పడం, క్యాన్ మార్చడం మీకు తెలుసుననే ఉద్దేశంతో నేరుగా సమస్యల్లోకి వెళ్తున్నాను.

సమస్య: స్టవ్ అసలు వెలగడం లేదు.
క్యాసెట్ స్టవ్ (క్యాన్‌ను పక్క గదిలో అడ్డంగా పడుకోబెట్టేది) అయితే క్యాన్ అంచున ఉన్న గాడి సరైన చోట కూర్చుందో లేదో చూడండి. అది పక్కకు తిరిగి ఉంటే లివర్ పట్టదు, గ్యాస్ రాదు. గ్యాస్ వస్తున్న చప్పుడు వినిపిస్తున్నా వెలగకపోతే మంచుకు స్పార్క్ తడిసిందని అర్థం కాబట్టి, అగ్గిపుల్ల గీయండి.

సమస్య: మంట బాగానే ఉంది, నీళ్లు మాత్రం కాగడం లేదు.
గాలి. ఇంత తేలికైన విషయాన్ని చూడకుండా స్టవ్‌ను తిట్టేవారిని చూస్తే విసుగు వస్తుంది. గిన్నెకు మూత పెట్టండి, గాలి వచ్చే వైపు బ్యాగులో రాళ్లో అడ్డం పెట్టండి. బ్యాగును మంటకు తగినంత దూరంలో ఉంచండి. అయితే క్యాన్ మీదనే బిగించే చిన్న స్టవ్‌కు చుట్టూ రేకు మూసి పెట్టకూడదు. సెగంతా లోపలే తిరిగి, క్యాన్ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. గాలి ఎక్కువగా ఉందని స్టవ్‌ను టెంటులోకి తీసుకెళ్లడం అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

సమస్య: మొదట బాగా మండి, పది పదిహేను నిమిషాలకు మంట కుంగిపోతోంది.
నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక డిసెంబరులో చిక్కమగళూరు వైపు ఒక కాఫీ తోటలో దిగి, తెల్లవారుజామున పొంగలికి ఎసరు పెట్టాము. ఎసరు మరుగు పట్టే వేళకు మంట నీలి చుక్కల్లా మిగిలింది. "అయిపోయింది బావా, ఇంకోటి తియ్" అన్నాడు మా బావ. రెండో క్యాన్ కూడా, రాత్రంతా కారు డిక్కీలో చలికి ఉన్నదే, అలాగే చేసింది. చేసేది లేక మంచుకు తడిసిన నీలగిరి పుల్లలు ఏరి, ముగ్గురం వంతులవారీగా ఊది, కళ్లు ఎర్రబడ్డాక పొగ వాసనతో పొంగలి తిన్నాము. ఖాళీ అనుకున్న ఆ రెండు క్యాన్లూ ఇంటికి వచ్చాక వారం రోజులు టీ కాచి పెట్టాయి.

జరిగింది ఇది. క్యాన్‌లో ఉన్నది ద్రవం, ఎక్కువగా బ్యూటేన్. అది ఆవిరై గ్యాసుగా మారడానికి వేడి కావాలి, ఆ వేడిని అది తన నుంచి, క్యాన్ రేకు నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము బ్యూటేన్ ఆవిరి కావడానికి సుమారు 360 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఖర్చవుతుంది. నిండు మంట మీద గంటకు 150 గ్రాములు కాలుతుందనుకుంటే, పది నిమిషాలకు 25 గ్రాములు, అంటే దాదాపు 9 వేల జౌల్‌లు. బయటి నుంచి వేడి అందకపోతే 220 గ్రాముల క్యాన్ ఈలోగా 15 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర కాబట్టి, 12 డిగ్రీల చలిలో మొదలుపెట్టిన క్యాన్ సున్నా దగ్గరకు చేరితే గ్యాసును బయటకు నెట్టే ఒత్తిడి దాదాపు మిగలదు. సగం వాడిన క్యాన్‌లో ద్రవం తక్కువ కాబట్టి అది ఇంకా తొందరగా చల్లబడుతుంది. ప్రొపేన్ కలిపిన క్యాన్‌లకు మొదట్లో ఈ బాధ తక్కువ. కానీ మైనస్ 42 దగ్గరే మరిగే ప్రొపేన్ ముందుగా ఖర్చయిపోయి, చివరికి మిగిలేది ఎక్కువగా బ్యూటేనే.

గుర్తించడం చాలా సులువు. స్టవ్ ఆర్పి, క్యాన్ తీసి పట్టుకోండి. చెయ్యి జిల్లుమని, రేకు మీద ద్రవం ఉన్నంత మేర చెమట పట్టి, ఊపితే లోపల కదలిక తెలిస్తే అది ఖాళీ కాలేదు, చలికి బిగుసుకుంది. కొందరు దీన్ని ఎత్తు వల్ల వచ్చిన లోపం అంటారు, అది తప్పు; ఎత్తులో గాలి పీడనం తగ్గి బ్యూటేన్ ఇంకొంచెం తేలికగానే ఆవిరవుతుంది.

పరిష్కారం: క్యాన్‌ను చెయ్యి హాయిగా పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, తుడిచి, మళ్లీ అమర్చండి. క్యాన్ మీదనే బిగించే నిలువు స్టవ్ అయితే క్యాన్‌ను పళ్లెంలో రెండు వేళ్ల లోతు మామూలు నీళ్లలో నిలబెట్టే వండవచ్చు. మరిగే నీళ్లు, మంట సెగ ఎప్పుడూ వద్దు. తువ్వాలు చుట్టడం చాలామంది చేసే పొరపాటు. క్యాన్‌కు సొంత వేడి లేదు, చుట్టూ ఉన్న గాలి నుంచి అందే కాస్త వేడిని కూడా తువ్వాలు ఆపేస్తుంది. చల్లని బండ మీద కాకుండా చెక్క ముక్క మీద పెట్టండి, మంటను సగానికి తగ్గించండి. నేను ఇప్పుడు రెండు క్యాన్లు తీసుకెళ్లి, రాత్రి వాటిని దుప్పట్లో పెట్టుకుని పడుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది, ఉదయం టీ మాత్రం అడుగుతుంది.

సమస్య: క్యాసెట్ స్టవ్ లివర్ దానంతట అదే పైకి లేచి స్టవ్ ఆరిపోతోంది.
ఇది పై సమస్యకు తలకిందులు, ఇక్కడ క్యాన్ వేడెక్కుతోంది. పెద్ద దోసె పెనం క్యాన్ గది మీదికి వచ్చి సెగను కిందికి కొడుతోంది. ఒత్తిడి పెరగగానే స్టవ్ క్యాన్‌ను విడిచేస్తుంది. చిన్న పెనం వాడండి.

సమస్య: అన్నం ఎంతకీ పలుకు విడవడం లేదు.
నంది కొండ 1,478 మీటర్లు. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చిన్న కుక్కర్ తీసుకెళ్లండి.

జెట్‌లో (గ్యాస్ బయటకు వచ్చే సన్న రంధ్రంలో) దుమ్ము, అరిగిన రబ్బరు వాషర్ లాంటివి అరుదు. వాసన వస్తే మంట లేని చోట సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగ కనిపిస్తే ఆ స్టవ్ వాడవద్దు.

ఇక కట్టెల పొయ్యి. రిజర్వు అడవిలో ఈ ప్రశ్నే లేదు. 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం ప్రకారం అక్కడ నిప్పు పెట్టడం నేరం, 2019 ఫిబ్రవరిలో బండీపుర ఎలా తగలబడిందో చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. రామనగర వైపు రాతి గుట్టల మీద కూడా వద్దు, సెగకు బండ పెచ్చులు ఎగిరి పడతాయి. యజమాని ఒప్పుకున్న తోటలోనో పొలంలోనో పదిహేను మందికి వండాలన్నా, వంకాయలు కాల్చాలన్నా కట్టెలే సరైనవి. అడుగు మాడి పైన పచ్చిగా ఉంటోందంటే మీరు మంట మీద వండుతున్నారు. ముప్పావు గంట ముందే రాజేసి, నిప్పులయ్యాక గిన్నె పెట్టండి. పొగ కమ్ముతుంటే పుల్ల విరిచి చూడండి, ఫట్‌మని విరగకపోతే అది పచ్చిది. అయిపోయాక నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. ఆ బూడిదలో అరచెయ్యి ఆనించగలిగితేనే కారెక్కండి.