లాకులో పడవని చూడటం నేర్చుకుందాం – 3వ భాగం: కిందకి దిగే పడవ

పోయిన భాగంలో లాకులో, అంటే కాలువలో నీటి మట్టం పెంచి తగ్గించే తలుపుల గదిలో, పడవ పైకెక్కడం చూశాం కదా, ఇవాళ దిగడం. ఎక్కేటప్పుడు నీళ్లు సుడులు తిరుగుతూ హడావిడిగా ఉంటాయి కాబట్టి ఎవరైనా ఆగి చూస్తారు, దిగేటప్పుడు అంతా నెమ్మదిగా కనిపిస్తుంది, కానీ ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, అందుకే పాఠం మొత్తం దీనికే పెట్టాను.

మనం నిలబడ్డది ఇంగ్లండ్‌లో, బ్రోమ్స్‌గ్రోవ్ దగ్గర టార్డెబిగ్ లాకుల మీద. 1815లో పూర్తయిన ఊస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కెనాల్ ఇది, ఇక్కడ వరసగా 30 లాకులు, మొత్తం ఎత్తు దాదాపు 220 అడుగులు. లాకు వెడల్పు ఇంచుమించు 7 అడుగులు, ఈ కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ, అదే నేరోబోట్, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, ఇక చూస్కోండి ఎంత ఇరుకో! ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకి పద్ధతి తెలిసిందే, కాకపోతే ఇక్కడ మామూలుగా పడవ వాళ్లే దిగి లాకు తిప్పుకోవాలి.

పడవ నిండు లాకులోకి వచ్చింది, వెనక పై తలుపు మూశారు, పై ప్యాడిల్స్, అంటే నీళ్లు వదలడానికి ఎత్తి దించే పలకలు, దించేశారు. ఇప్పుడు ఒకళ్లు విండ్లాస్, అదే ఆ వంకర ఇనుప హ్యాండిల్, తీసుకుని కింది తలుపుల దగ్గరికెళ్లి ప్యాడిల్ ఎత్తుతారు, టకటకమని పళ్ల చక్రం చప్పుడు వస్తుంది, నీళ్లు కిందకి పోవడం మొదలవుతుంది.

అందరూ ఆ చప్పుడు వైపే చూస్తారు. మీరు మాత్రం పడవ వెనక వైపు చూడండి.

నీళ్లు తగ్గేకొద్దీ పై తలుపు కింద నుంచి ఒక గట్టు బయటపడుతుంది, దాన్ని సిల్ అంటారు. అది ఎంతవరకు ముందుకొచ్చి ఉందో తెలియడానికి లాకు అంచు మీద తెల్ల గీత ఉంటుంది. లాకు పొడవు 72 అడుగులు, పడవ 70 ఉందనుకోండి, ఇక మిగిలిన జాగా ఎంత? చుక్కాని గానీ ఆ గట్టు మీద కూర్చుందంటే వెనక భాగం పైనే ఉండిపోతుంది, ముందు భాగం నీళ్లతో పాటు దిగిపోతుంది, నిమిషాల్లో పడవ మునిగిపోవచ్చు. అందుకే నడిపేవాళ్లు ఇంజిన్‌ని మెల్లగా ముందుకే ఉంచి పడవని గీతకి దూరంగా పట్టుకుంటారు. మీ కళ్లు గీత, చుక్కాని, మళ్లీ గీత, ఇలా తిరుగుతూ ఉండాలి.

పడవ వెనక ఆగిపోయి ముందు వంగుతున్నట్టు అనిపిస్తే గట్టున ఉన్న మీరైనా సరే కేకెయ్యండి, మొహమాటపడొద్దు. వెంటనే కింది ప్యాడిల్స్ దించెయ్యాలి, ఆ తర్వాతే పై ప్యాడిల్స్ మెల్లగా ఎత్తి లాకు మళ్లీ నింపాలి, ఈ వరస తప్పకూడదు.

అంతా బాగుంటే నీళ్లు రెండు వైపులా సమానమవుతాయి. కాస్త తేడా ఉన్నా నీటి ఒత్తిడికి తలుపు కదలడం కష్టం, నీళ్ల చప్పుడు ఆగాక తలుపుకి ఉన్న పొడవాటి దూలానికి వీపు ఆనించి తోస్తే మెల్లగా తెరుచుకుంటుంది. ఆ దూలం తిరిగే దారిలో మాత్రం నిలబడకండి.

పడవని 7 అడుగులు కిందకి దించే లాకు ఒకసారి ఖాళీ చేస్తే దాదాపు లక్ష లీటర్లు కిందకి పోయినట్టే. అందుకే కింద నుంచి ఇంకో పడవ వస్తుంటే, ఖాళీ అయిన ఆ లాకునే వాళ్లకి తెరిచి ఉంచి వెళ్లడం మంచి పద్ధతి, ఇది నాకు చాలా నచ్చే విషయం.

అభ్యాసం: ఒక పడవ దిగేటప్పుడు సిల్ గీత తప్ప ఇంకేం చూడకండి, తర్వాతి పడవకి కింది తలుపుల దగ్గర నీళ్లు మాత్రమే చూడండి. లాకు దగ్గర్లో లేనివాళ్లు వీడియో పెట్టుకుని చేసినా పర్లేదు. నాలుగో భాగంలో ఫాక్స్‌టన్ వెళ్దాం, అక్కడ అయిదేసి లాకులు ఒకదానికొకటి అతుక్కుని మెట్లలా ఉంటాయి, ఒక లాకు కింది తలుపే తర్వాతి లాకుకి పై తలుపు, కాబట్టి ఇవాళ్టి వరస బాగా గుర్తుపెట్టుకుని రండి.