ఫొటో సగటు రంగు పట్టుకోవడం ఎలా

పోస్టర్ వెనక వేసే రంగు ఫొటోలోదే అయితే మొత్తం ఒకటిగా కలిసిపోతుంది. ఆ రంగును కంటితో అంచనా వేయక్కర్లేదు. ఫొటోషాప్‌లో ముందు ఫొటో ఉన్న లేయర్ (పొర) కాపీ తీసుకోండి, తర్వాత ఫిల్టర్ మెనూలో బ్లర్, అందులో యావరేజ్ నొక్కండి. లేయరంతా ఒకే రంగయిపోతుంది. ఐడ్రాపర్‌తో (రంగును పట్టుకునే టూల్) ఆ రంగు తీసుకుని కాపీ లేయర్ తీసేయండి.

అయితే ఫొటో మొత్తానికి చేయకండి! భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఫొటో ఉందనుకోండి. పైన నీలాకాశం, కింద ఎర్రమట్టి. రెండూ కలిపి సగటు తీస్తే ఏ ప్రాణమూ లేని బూడిదరంగు వస్తుంది, అది ఆ చోటిది కానే కాదు. లాసోతో (చుట్టూ గీత గీసి సెలెక్ట్ చేసే టూల్) మట్టి వరకే సెలెక్ట్ చేసి యావరేజ్ నొక్కితే అసలు ఎరుపు దొరుకుతుంది. రుషికొండ బీచ్ ఫొటోల్లోనూ అంతే, ఇసుక వేరు, సముద్రం వేరు. నీడలు, తెల్లటి నురగ సెలెక్షన్‌లోకి రాకుండా చూసుకోండి.

ఉచితంగా దొరికే ఫొటో ఎడిటర్ గింప్‌లో అయితే, కావలసిన చోటు సెలెక్ట్ చేసి హిస్టోగ్రామ్ (రంగుల లెక్క చూపే గ్రాఫ్) తెరవండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను ఒక్కొక్కటిగా ఎంచుకుంటే మీన్ (సగటు) అంకె కనిపిస్తుంది. 0 నుంచి 255 మధ్య ఉండే ఆ మూడు అంకెలనూ కలర్ బాక్సులో వేస్తే చాలు.