పొద్దున ఎండ, సాయంత్రం రాళ్లవాన: మార్చి నుంచి మే దాకా జాగ్రత్తలు

మధ్యాహ్నం రెండు దాటాక ఆకు కదలకుండా ఉక్కపోసి, పడమటి మబ్బు నల్లగా లేస్తుంటే కల్లంలో మిర్చి ఉన్న మనిషికి అన్నం సహించదు. మా ఖమ్మం వైపు ఈ మూడు నెలలూ ఇదే టెన్షన్. ఎండాకాలం అనగానే వడదెబ్బ గురించే మాట్లాడుకుంటాం. కానీ పొద్దున మాడ్చిన రోజే సాయంత్రం రాళ్లవాన కొట్టడం మనకు కొత్త కాదు.

నేల కాగితే వేడి గాలి పైకి లేస్తుంది. విదర్భ నుంచి కర్ణాటక మీదుగా కిందికి ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువుండే పొడవాటి పట్టీ, ఏర్పడితే బంగాళాఖాతం తేమ లోపలికి వస్తుంది. ఆ రెండూ కలిశాయంటే గంట, రెండు గంటల్లో క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం పది కిలోమీటర్లు దాటి ఎదుగుతుంది. అంత ఎత్తున గడ్డకట్టినవే వడగళ్లు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లాలో నేల మంచు పరిచినట్టు తెల్లబడింది. అందుకే 'ఇంత ఎండ కాస్తుంటే వానెక్కడిది' అనే ధీమా పనికిరాదు.

వాతావరణ శాఖ ఇచ్చే రంగుల్లో పసుపు అంటే ఓ కన్నేసి ఉంచమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. హెచ్చరిక జిల్లాకిస్తారు, వాన రెండు మూడు ఊళ్ల మీదే పడొచ్చు. మనూళ్లో పడలేదని తర్వాతి హెచ్చరికను కొట్టిపారేయొద్దు. నేనైతే ఆరెంజ్ చూడగానే పట్టాలు కల్లం దగ్గరికి చేరుస్తాను.

పట్టా కప్పడంలోనే చాలామంది దెబ్బతింటారు. మా పక్క చేను ఆయన ఓసారి మిర్చి మీద పట్టా పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి ఇంటికెళ్లాడు. వానకంటే ముందు గాలి వచ్చింది. అంచు కింద దూరి పట్టాను గొడుగులా లేపేసింది. ఆయన పరిగెత్తుకొచ్చేసరికి పట్టా కంచె మీద, కాయ నీళ్లలో. కుప్పను నడుమ ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా పోయండి. పట్టా చుట్టూరా మూరెడు నేల మీద మిగలాలి. ఆ అంచు మీద మట్టి సంచులు సందు లేకుండా పేర్చి, పైనుంచి అడ్డంగా తాళ్లు లాగి గూటాలకు కట్టండి. చుట్టూ జానెడు కాలువ తీయండి. వాన వెలిసి ఎండ రాగానే పట్టా తీసేయాలి, లేదంటే లోపలి ఉక్కకే బూజు పడుతుంది. కోసి పనల మీదున్న వరి తడిస్తే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి. ఫసల్ బీమా ఉన్న పంటకైతే వడగళ్ల నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి, ఫొటోలు తీసి ఉంచుకోండి.

పంట పోయినా మళ్లీ వేసుకోవచ్చు, పిడుగు దగ్గర మాత్రం మొండితనం వద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లంటే కిలోమీటరు. ముప్పై లోపు వినపడితే పని ఆపి పక్కా ఇంట్లోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. వాన పడగానే చింతచెట్టు కిందికి ఉరకడం అలవాటు, ప్రాణాలు పోయేది అక్కడే. గొర్రెల్నీ చెట్టు కింద గుంపుగా ఉంచొద్దు. ఎక్కడా చోటు లేకపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. దామిని యాప్ దగ్గర్లోని పిడుగుల్ని చూపిస్తుంది. పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేసి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. తెగిన కరెంటు తీగ జోలికి మాత్రం వెళ్లకుండా కరెంటోళ్ల నంబరు 1912కి చెప్పండి.

ఇక ఎండ. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 ఎక్కువైతే వడగాలులంటారు. కోస్తాలో 37 దాటగానే ఆ లెక్క మొదలవుతుంది. తేమకు చెమట ఆరదు కాబట్టి అక్కడ తక్కువ ఎండే ఎక్కువ బాధిస్తుంది. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోతలు, కల్లం పని పదకొండులోపు ముగించండి. దాహం వేసేదాకా ఆగకుండా అంబలి, మజ్జిగ తాగండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి కొలవాలి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇంటి పైకప్పు రేకుల బోల్టులు ఓసారి బిగించుకోండి. పట్టాలు, తాళ్లు ఈ వారమే కొనండి. మొదటి వాన పడ్డ మర్నాడు షాపువాడు చెప్పే రేటే వేరు.